బ్రూయిన్స్ ట్రేడ్‌ల మీద నా మాట

ఫ్రెండ్స్, మన ఐస్ హాకీ జట్టు బోస్టన్ బ్రూయిన్స్ తన ఆటగాళ్లను వేరే జట్లకు ఇచ్చేసిందని (అదే ట్రేడ్) మేనేజ్‌మెంట్‌ను తిట్టే ముందు ఇది చదవండి. 2025 మార్చి 7న కెప్టెన్ బ్రాడ్ మార్షాండ్‌ను ఫ్లోరిడా జట్టుకు పంపేసినప్పుడు నాకూ ఏడుపొచ్చింది. 2011లో స్టాన్లీ కప్ (NHL లీగ్ టైటిల్) గెలిచిన మన జట్టులో మిగిలిన చివరి ఆటగాడు! జూన్‌లో అక్కడ మళ్లీ కప్ ఎత్తాడు కూడా.

కానీ అప్పటికి అతనికి 36 ఏళ్లు, కాంట్రాక్టు ఆ సీజన్‌తోనే ఆఖరు. మనవాళ్లు ప్లేఆఫ్స్‌కు చేరే దారీ కనిపించలేదు. ఊరికే వదులుకోవడం కన్నా డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాళ్లను ఎంచుకునే అవకాశం; ముందు రౌండ్‌కే విలువెక్కువ) తీసుకోవడమే నయం. ఫ్లోరిడా గెలుపుల వల్ల, షరతు ప్రకారం, ఆ రెండో రౌండ్ పిక్ కాస్తా మొదటి రౌండ్‌ది అయింది.

నాకు బాగా నచ్చింది మాత్రం డిఫెన్స్ ఆటగాడు కార్లో డీల్. అతన్ని టొరంటోకు ఇచ్చి కుర్ర సెంటర్ (ముందు వరుసలో మధ్యన ఆడేవాడు) మింటెన్‌తో పాటు మరో మొదటి రౌండ్ పిక్ తెచ్చారు. దయచేసి మింటెన్‌కు కొంచెం టైమ్ ఇవ్వండి.