ట్యాంకుల కింది మట్టి గురించి: పర్యావరణ అధికారికి బహిరంగ లేఖ

అయ్యా,

రసాయన ట్యాంకుల దగ్గర మీ సిబ్బంది మట్టి నమూనాలు తీస్తుంటే దగ్గరుండి చూశాను. నాలుగు మూలలా జానెడు లోతున తవ్వి, అంతా ఒకే బకెట్‌లో కలిపి, ప్లాస్టిక్ సంచిలో కట్టుకుని వెళ్లారు. పెట్రోలులో ఉండే బెంజీన్ వంటి రసాయనాలు గాలి తగిలితే ఆవిరైపోతాయి. అలా కలియబెట్టిన మట్టిలో ప్రయోగశాలకు ఏమి మిగులుతుంది? ఏ చోటి మట్టిని ఆ చోటుగానే, కదపకుండా గాజు సీసాలో పెట్టి, గట్టిగా మూసి, 4 డిగ్రీల చల్లదనంలో పంపాలి.

తవ్విన చోట్లూ సరైనవి కావు. ట్యాంకు గోడకు కొత్త రంగు వేశారు, చూడముచ్చటగానే ఉంది. కానీ కారేది అడుగు రేకు నుంచి, పైపుల అతుకుల నుంచి, లారీలు సరుకు దింపే చోట. పెట్రోలు తేలిక గనుక భూగర్భజలం మీద తేలుతుంది. లోహాల జిడ్డు వదిలించే ట్రైక్లోరోఇథిలీన్ అనే ద్రావకం నీటికన్నా బరువు, ఇంకా కిందికి దిగిపోతుంది. జానెడు గుంతకు ఈ రెండూ చిక్కవు.

భూగర్భజల మట్టం దాకా, దాని కిందికి కూడా బోర్లు వేయించి, వేర్వేరు లోతుల్లో మళ్లీ నమూనాలు తీయించండి. పోలికకు ట్యాంకులకు దూరంగా, ఎగువ నుంచి కూడా మట్టి తెప్పించండి. ఫలితాలను లోతుల వివరాలతో, పటంతో సహా బయటపెట్టండి. ఈసారి తేదీ ముందే చెబితే మేమూ వచ్చి నిలబడతాం.

ఇట్లు,
ఆ ట్యాంకుల పక్కనే ఉండే ఒక నివాసి