నడుమ రోజుల బతుకమ్మకూ వెలుగు కావాలి

సంపాదకుల వారికి,

మహాలయ అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మకు హనుమకొండ వేయిస్తంభాల గుడి ముందు ఇసుక వేస్తే రాలదు. చివరి రోజైన సద్దులనాడు పద్మాక్షి గుట్ట కింద కూడా అంతే. మరి నడుమ ఏడు రోజులు? అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వేపకాయలు, వెన్నముద్దలు అంటూ రోజుకో పేరు, రోజుకో నైవేద్యం ఉన్న పండుగ ఇది. ఆరో రోజు బతుకమ్మ అలిగిందని నైవేద్యం కూడా పెట్టరు. ఆ అలక ఎందుకో మా అమ్మమ్మ చెబితేనే నాకు తెలిసింది. నేటి పిల్లలకు చెప్పేదెవరు?

యూదులు తమ దీపాల పండుగ హనుక్కా ఎనిమిది రాత్రులూ రోజుకో దీపం చొప్పున పెంచుతూ వెలిగిస్తారు, నడుమ ఏ రాత్రినీ వదలరు. ఇరానీయులు తమ కొత్త సంవత్సరపు పండుగ నౌరోజ్ పదమూడో రోజున ఇల్లు విడిచి పచ్చని చోట్లకు వెళ్లి, ఇంట్లో పెంచిన మొలకలను పారే నీటిలో విడుస్తారు. అది చదివినప్పుడు నాకు మన చెరువులో తేలే తంగేడు, గునుగు పూలే కళ్లలో మెదిలాయి.

2014లో మన రాష్ట్ర పండుగైన బతుకమ్మకు మొదటి, చివరి రోజుల్లోనే దీపాలు పెడితే ఎలా? మా కాలనీ చెరువు గట్టున నిరుడు నాలుగో రోజు చీకట్లో ఒక పెద్దావిడ మెట్లపై జారిపడ్డారు. తొమ్మిది సాయంత్రాలూ గట్ల మీద వెలుతురు, మెట్ల దగ్గర కాపలా ఉండేలా అధికారులు చూడాలి. పండుగకు నెల ముందే గట్టు పొదలు కొట్టించాలి.

– ఒక గృహిణి, హనుమకొండ