మూడు కిలోల సంగతి

చిట్టితల్లీ,

బాక్సింగ్ బౌటులో మూడు-రెండుతో ఓడిపోయానని రాత్రి నువ్వు చెప్పినప్పుడు నాకు బాధేసింది కానీ భయం వేయలేదు. ఆ వెంటనే "అరవై కిలోల విభాగంలో నాకు కుదరదు నాన్నా, యాభై ఏడుకి దిగిపోతా" అన్నావు చూడు, అక్కడ వేసింది. ఫోన్‌లో వాదిస్తే సరే సరే అని పెట్టేస్తావు. అందుకని రాస్తున్నాను.

మీ హాస్టల్లో అందరూ అమెరికా బాక్సర్ రాయ్ జోన్స్‌ని చూసి చేతులు కిందికి వేలాడేసి, కోచ్‌తో తిట్లు తింటారని నువ్వే చెప్పావు కదా. ఆయన వీడియోలు చూసినంతగా ఆయన బరువు కథ మీరెవరూ చూసినట్టు లేదు.

1988 సియోల్ ఒలింపిక్స్, 71 కిలోల ఫైనల్. జోన్స్‌కి అప్పుడు 19 ఏళ్లు. ఎదురుగా కొరియా కుర్రాడు పార్క్ సి-హున్. టీవీ వాళ్ల లెక్కలో జోన్స్ కొట్టినవి 86 దెబ్బలు, పార్క్ కొట్టినవి 32. అయినా ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు పార్క్‌కే రాశారు. పోటీ మొత్తానికి ఉత్తమ బాక్సర్‌కిచ్చే వాల్ బార్కర్ ట్రోఫీ మాత్రం ఓడినవాడికే ఇచ్చారు! నీ బౌటులో అంత అన్యాయం జరిగిందని నేననను. రెండో రౌండు నీది కాదు. కానీ మూడు-రెండు అంటే ఒక జడ్జి కుర్చీ తేడా. అందులో నీ కిలోల ప్రసక్తి ఎక్కడుంది?

పార్క్ సంగతి కూడా చెప్పాలి. తాను గెలవలేదని ఆ మనిషికీ తెలుసు. 2023లో జోన్స్ సొంతూరు పెన్సకోలాకి వెళ్లి, ఆ బంగారు పతకం ఆయన చేతిలో పెట్టి వచ్చాడు. ముప్పై అయిదేళ్ల తర్వాత! ఆ వీడియో చూసి మీ అమ్మ ఏడ్చింది.

1989లో జోన్స్ ప్రొఫెషనల్ అయ్యాడు. మొదట్లో తండ్రే గురువు. ఇద్దరికీ పడక 1992లో విడిపోయారు. (నాకు బాక్సింగ్ రాకపోవడం మన ఇంటికి ఎంత మేలో చూడు.) 1993లో బెర్నార్డ్ హాప్‌కిన్స్‌ని ఓడించి మిడిల్ వెయిట్ అనే బరువు విభాగంలో ఛాంపియన్ బెల్టు, మరుసటి ఏడాది జేమ్స్ టోనీ మీద సూపర్ మిడిల్ వెయిట్ బెల్టు, 1996 చివర్లో లైట్ హెవీ వెయిట్. అంటే 175 పౌండ్లు, మన లెక్కలో 79 కిలోల చిల్లర. ఒళ్లు ఎదిగినకొద్దీ పైకి వెళ్లాడు, అంతే. ఆ లైట్ హెవీలోనే ఏళ్ల తరబడి ఆయన్ని ముట్టుకున్నవాడు లేడు. 1997లో మాంటెల్ గ్రిఫిన్ మోకాలి మీద ఉండగా కొట్టి అనర్హుడయ్యాడు, అదొక్కటే మచ్చ. అదే ఏడాది మళ్లీ తలపడి మొదటి రౌండులోనే పడగొట్టాడు.

అసలు చెప్పాలనుకున్నది ఇక్కడి నుంచి. 2003 మార్చిలో అన్నిటికన్నా పై విభాగమైన హెవీ వెయిట్‌లో ఛాంపియన్ జాన్ రూయిజ్ మీదికి వెళ్లాడు. ఇందుకోసం 193 పౌండ్లకు పెరిగాడు. అయినా రూయిజ్ ఇంకో 33 పౌండ్లు ఎక్కువ. గెలిచాడు. ఒకప్పుడు మిడిల్ వెయిట్ ఛాంపియన్‌గా ఉన్నవాడు హెవీ వెయిట్ బెల్టు కట్టడం 106 ఏళ్లలో అదే మొదటిసారి. అక్కడ ఆగిపోయి ఉంటే ఎంత బావుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది నాకు. ఆగలేదు. నవంబరుకల్లా ఆ ఎనిమిది కిలోల కండా కరిగించి మళ్లీ 175కి దిగి, ఆంటోనియో టార్వర్‌తో ఆడాడు. గెలిచాడు కానీ ఈడ్చుకుంటూ గెలిచాడు. బరువు తగ్గడం వల్లే అన్నాడు. 2004 మేలో మళ్లీ పోటీ. రిఫరీ నియమాలు చెబుతుంటే టార్వర్ "ఇవాళ ఏమైనా సాకులున్నాయా రాయ్?" అని మొహం మీదే అడిగాడు. రెండో రౌండులో ఎడమచేతి దెబ్బ ఒక్కటి, జోన్స్ కింద! సెప్టెంబరులో గ్లెన్ జాన్సన్ తొమ్మిదో రౌండులో పడగొట్టాడు. నిమిషాల తరబడి లేవలేదు.

అంతా బరువు వల్లేనని నేనూ నమ్మను. 35 ఏళ్లు వచ్చాయి, తల ఒక్క క్షణం ముందే కదిలే ఆ వేగం మీదే ఆయన ఆట నిలబడింది. కానీ ఆ కాస్త వేగాన్నే ముందు తినేది నీళ్లు తాగకుండా దించిన బరువు. పైగా ప్రొఫెషనల్స్‌కి తూకం ముందురోజు. తిని, తాగి కోలుకునే వ్యవధి ఉంటుంది. మీకు బౌటు ఉన్న ప్రతిరోజూ పొద్దున్నే తూకం. ఫైనల్ దాకా వెళితే ఎన్నిసార్లు కడుపు మాడ్చుకోవాలి?

యాభై ఏడు వద్దే వద్దని నేననను. మీ కోచ్, డాక్టరు కూర్చుని, సీజన్ అయ్యాక నిదానంగా దిగుదామంటే సరే. ఓడిన రాత్రి తీసుకున్న నిర్ణయం మాత్రం నాకొద్దు. అమ్మ అడగాల్సినవి వేరే ఉన్నాయట, అవి తనే మాట్లాడుతుంది.

బౌటు వీడియో పంపించు. మూడో రౌండు నేను సరిగా చూడలేదు, అమ్మ ఫోనుకి అడ్డంగా నిలబడి దండాలు పెట్టింది.

నాన్న