కాయ కొట్టకుండానే నీళ్లున్నాయని ఎలా తెలిసింది?

సంపాదకుల వారికి,

నమస్కారం. గత ఆదివారం అనుబంధంలో గురుగ్రహపు చందమామ యూరోపా మీద వచ్చిన వ్యాసంలో ‘మంచు పొర కింద మహాసముద్రం కనిపించింది’ అని రాశారు. కనిపించలేదండి. ఇప్పటిదాకా ఏ వ్యోమనౌకా ఆ మంచు కిందికి తొంగిచూడలేదు, ఆ నీరు ఏ కెమెరాకూ చిక్కలేదు. అయినా అక్కడ సముద్రం ఉందనే శాస్త్రవేత్తలు అంటున్నారు, మేమూ తరగతుల్లో అదే చెబుతున్నాం. చూడకుండా ఎలా తెలిసిందన్న సంగతి మాత్రం వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదు. అందుకే ఈ ఉత్తరం.

దుర్గ గుడి మెట్ల దగ్గర కొబ్బరికాయ కొనేవాళ్లు దాన్ని చెవి దగ్గర పెట్టి ఊపుతారు. లోపల నీళ్లున్నాయో లేదో తెలియడానికి కాయ కొట్టనక్కర్లేదు. పెద్ద గ్రహాల దగ్గరికి వెళ్లిన నౌకలు చేసిందీ ఇంచుమించు ఇదే. ఊపే పని గ్రహమే చేస్తుంది. వినే పని నౌకలో అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మాగ్నెటోమీటర్‌ది, రేడియోది.

యూరోపాను చూడండి. గురుగ్రహపు అయస్కాంత అక్షం, అది తిరిగే అక్షానికి దాదాపు 10 డిగ్రీలు వాలి ఉంటుంది. గ్రహం 9 గంటల 55 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుంది. యూరోపా కూడా అదే దిశలో ముందుకు జరుగుతూ ఉంటుంది కాబట్టి దాని దగ్గర అయస్కాంత క్షేత్రం సుమారు పదకొండుంపావు గంటలకోసారి అటూ ఇటూ ఊగుతుంది. అలా ఊగే క్షేత్రంలో కరెంటు పారగల పదార్థం ఉంటే, అందులో ప్రవాహాలు పుట్టి అవి చిన్న ఎదురు క్షేత్రాన్ని తయారుచేస్తాయి. విజయవాడ స్టేషన్ గుమ్మంలో మెటల్ డిటెక్టర్ మన జేబులోని తాళంచెవిని పట్టుకునేది ఈ సూత్రంతోనే. గురుగ్రహం చుట్టూ తిరిగిన గెలీలియో నౌక 2000 జనవరిలో యూరోపా పక్కగా వెళ్లే సమయాన్ని కావాలనే ఎంచారు. అంతకుముందు వెళ్లినప్పుడు గురుగ్రహ క్షేత్రం ఒక వైపుకు ఉంటే, ఈసారి రెండో వైపుకు ఉంది. యూరోపా క్షేత్రం కూడా దాంతోపాటే తిరగబడింది. లోపల ఉన్నది శాశ్వత అయస్కాంతమైతే అలా తిరగబడదు. గట్టి మంచులో అంత కరెంటు పారదు, ఉప్పునీటిలో పారుతుంది.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. డిటెక్టర్ చెప్పేది సముద్రం లోతు, ఉప్పదనం రెండూ కలిసిపోయిన లెక్క. ఉప్పు తక్కువై లోతు ఎక్కువున్నా, ఉప్పు ఎక్కువై లోతు తక్కువున్నా దాదాపు ఒకేలా మోగుతుంది. రెంటినీ విడదీయాలంటే ఇంకో లయ కావాలి. యూరోపా గురుగ్రహాన్ని చుట్టివచ్చే 85 గంటల లయ అందుకు పనికొస్తుంది, కానీ అది బలహీనం, రెండు మూడుసార్లు పక్కగా పోయినంత మాత్రాన దొరకదు. 2024 అక్టోబరు 14న బయలుదేరిన యూరోపా క్లిప్పర్ నౌక 2030 ఏప్రిల్లో గురుగ్రహం చేరాక యూరోపా దగ్గరగా ఏకంగా 49 సార్లు వెళ్లేలా దారి గీసుకోవడానికి ఇదొక ముఖ్య కారణం.

శని చందమామ ఎన్సెలాడస్ దగ్గర పని ఇంకా తేలికైంది, ఎందుకంటే అక్కడ కాయకే పగుళ్లున్నాయి. దాని వ్యాసం 504 కిలోమీటర్లు, అంటే పటం మీద విజయవాడ నుంచి బెంగళూరుకు స్కేలు పెట్టి కొలిస్తే వచ్చేంత. ఇంత చిన్నది ఎప్పుడో గడ్డకట్టి ఉండాలని అందరూ అనుకున్నారు. 2005 మొదట్లో, శని చుట్టూ తిరుగుతున్న కసీని నౌక రెండుసార్లు పక్కగా వెళ్లినప్పుడు శని అయస్కాంత రేఖలు అక్కడ ఏదో అడ్డు తగిలినట్టు వంగి ఉండటం మాగ్నెటోమీటర్ బృందం గమనించింది. ఇంకా దగ్గరికి తీసుకెళ్లమని పట్టుబట్టారు. జులైలో 173 కిలోమీటర్ల ఎత్తుకు దిగితే దక్షిణ ధ్రువం దగ్గర పగుళ్ల నుంచి నీటి ఆవిరి, మంచు రేణువులు ఎగజిమ్ముతున్నట్టు తేలింది. ఆ పగుళ్ల కింద ఉన్నది చిన్న చెరువా, ఒళ్లంతా పరచుకున్న సముద్రమా? దానికి జవాబు ఫొటోల్లోంచి వచ్చింది. ఏడేళ్లకు పైగా తీసిన ఫొటోల్లో నేల మీది గుర్తులను ఒక్కొక్కటిగా కొలిస్తే, ఆ చందమామ తిరుగుతూ తిరుగుతూ 0.12 డిగ్రీలు తడబడుతోంది. ఉపరితలం మీద అది అర కిలోమీటరు. పైపెంకు లోపలి రాతికి అతుక్కుని ఉంటే అంత కదలిక రాదు. మధ్యలో నీరు చుట్టూరా ఉంటేనే పెంకు అలా జారుతుంది.

అక్కడ హైడ్రోజన్ దొరికిందన్న 2017 వార్త చాలా పత్రికల్లో ‘జీవం ఆనవాళ్లు’ అయిపోయింది. ఆ కొలత వెనక పడిన తిప్పలు తెలిస్తే అలా రాయబుద్ధి కాదు. కసీనిలోని వాయువుల విశ్లేషణ పరికరానికి టైటానియం గదులున్నాయి. సెకనుకు పలు కిలోమీటర్ల వేగంతో వచ్చే మంచు రేణువు ఆ గోడను తాకితే తాజా టైటానియం బయటపడి, నీటితో కలిసి తనంతట తానే హైడ్రోజన్ పుట్టిస్తుంది. అంటే పరికరమే తప్పుడు సాక్ష్యం చెప్పగలదు. అందుకని 2015 అక్టోబరు 28న 49 కిలోమీటర్ల ఎత్తులో ఆ ఊటలోంచి దూసుకుపోయినప్పుడు, అణువులు గోడను తాకకుండా నేరుగా లోపలికి పోయే రెండో ద్వారాన్ని వాడారు. అప్పుడూ హైడ్రోజన్ కనిపించింది కాబట్టే నమ్మారు. వేడినీరు రాతితో కలిసినా హైడ్రోజన్ వస్తుంది. అది సూక్ష్మజీవులకు మేత కాగలదే తప్ప, సూక్ష్మజీవులు ఉన్నాయనడానికి రుజువు కాదు.

చెవి దగ్గర ఊపి చెప్పిన మాట తప్పిన సందర్భాలూ ఉన్నాయి. వాటిని దాచకూడదు.

గురుగ్రహానికి దగ్గరగా తిరిగే అయో అనే చందమామ విషయమే చూడండి. ఒక వైపు గురుగ్రహం, మరో వైపు యూరోపా, గానిమీడ్ చందమామలు తలో లయలో లాగుతుండటంతో దాని నేల రోజూ సాగి ముడుచుకుంటుంది. తీగను పదేపదే వంచితే వేడెక్కినట్టు లోపల రాయి కరుగుతుందని పీల్, కాసెన్, రేనాల్డ్స్ అనే ముగ్గురు లెక్కగట్టారు. ఆ వ్యాసం 1979 మార్చి 2న అచ్చయింది. మూడు రోజులకు వాయేజర్-1 అక్కడికి చేరింది. నౌక దారి సరిచూసుకోవడానికి నక్షత్రాల కోసం తీసిన ఫొటోలో, అయో అంచున లేచిన గొడుగులాంటి పొగను నౌక బృందంలోని ఇంజినీరు లిండా మొరబిటో గుర్తించారు. భూమి అవతల మండుతున్న అగ్నిపర్వతం కనబడటం అదే మొదటిసారి. ఇంత అందంగా రుజువైన లెక్క మీద ఇంకో అంతస్తు కట్టారు: గెలీలియో మాగ్నెటోమీటర్ కొలతలను, పైన చెప్పిన మెటల్ డిటెక్టర్ పద్ధతిలోనే విడమరిచి, అయో నేల కింద కరిగిన శిలాసముద్రం ఉందని 2011లో చెప్పారు. తర్వాత, గురుగ్రహం చుట్టూ తిరిగే జూనో నౌక 2023 డిసెంబరులో, 2024 ఫిబ్రవరిలో అయోకు 1,500 కిలోమీటర్ల దాకా వెళ్లింది. నౌక వేగంలో వచ్చిన అతి చిన్న మార్పులను దాని రేడియో తరంగం పౌనఃపున్యంలో కొలిచి, అయో ఎంత సాగుతోందో లెక్కగట్టారు. నేల కింద చుట్టూరా శిలాసముద్రమే ఉంటే ఎంత సాగాలో అంత సాగడం లేదు. లోపల చాలావరకు గట్టిగానే ఉందని 2024 డిసెంబరులో ప్రకటించారు.

శని చందమామ టైటాన్‌ది ఇంకా తాజా సంగతి. 16 రోజులకోసారి శనిని చుట్టివస్తూ అదీ సాగుతుంది. ఇంత మెత్తగా సాగాలంటే లోపల నీటి సముద్రం ఉండి తీరాలని 2012లో కసీని కొలతలతో చెప్పారు. మేమూ అలాగే చెప్పుకొచ్చాం. 2025 డిసెంబరులో అవే పాత కొలతలను కొత్త పద్ధతిలో లెక్కించి చూస్తే, శని గట్టిగా లాగిన సమయానికి 15 గంటలు ఆలస్యంగా టైటాన్ సాగుతోందట. నీటి మీద తేలే పెంకుకు అంత ఆలస్యం ఉండదు. చిక్కటి మంచు గుజ్జు, దానిలో అక్కడక్కడ నీటి మడుగులు ఉంటే సరిపోతుందని ఇప్పుడంటున్నారు. నౌక 2017లోనే శనిలో పడి కాలిపోయింది, కొత్త కొలత ఒక్కటీ రాలేదు. మారింది లెక్క.

చందమామల సంగతి అలా ఉంటే, గ్రహాల కడుపులోనూ ఆశ్చర్యమే ఎదురైంది. గురుగ్రహం నడుమ రాతి ముద్ద ఉంటే గట్టిగా, విడిగా ఉండాలని చాలామంది లెక్క. జూనో మేఘాలకు సుమారు 4,000 కిలోమీటర్ల దాకా దిగుతూ ఆకర్షణను కొలిస్తే, ఆ బరువైన పదార్థం లేత కొబ్బరి గుజ్జు నీటిలో కలిసినట్టు గ్రహం వ్యాసార్ధంలో దాదాపు సగం దాకా పలచగా పరుచుకుని ఉంది. మేఘాల మీద కనబడే పట్టీల గాలులు 3,000 కిలోమీటర్ల లోతుకు పోతున్నాయి. ఇదంతా చేసిన జూనోకు అక్కడ అందే కరెంటు 500 వాట్లు, మన ఇంట్లో ఒక మిక్సీకి సరిపోయేంత. అక్కడి ఎండ మన ఎండలో 27వ వంతే కాబట్టి, రెంటచింతల మే నెలతో పోల్చుకుని ఊహించుకోవచ్చు.

పాఠకులకు చెప్పాల్సిన ఇంకో విషయం, ఈ సమాచారం ఎంత పీలగా వస్తుందో. గెలీలియో పెద్ద యాంటెన్నా గొడుగులా ముడిచి పంపారు, 18 ఊచలు. 1991 ఏప్రిల్లో తెరవమంటే మోటారు బిగుసుకుంది, కొన్ని ఊచలు నడిమి స్తంభాన్ని వదల్లేదు. చాలెంజర్ స్పేస్ షటిల్ ప్రమాదంతో ప్రయాణం ఏళ్లపాటు వాయిదా పడి, నౌకను కాలిఫోర్నియాకు, ఫ్లోరిడాకు లారీల్లో తిప్పినప్పుడు ఆ ఊచల పిన్నుల మీది పొడి కందెన అరిగిపోయిందని విచారణలో తేలింది. ఎండకు తిప్పి వేడిచేశారు, నీడకు తిప్పి చల్లబరిచారు, మోటారును వేలసార్లు తట్టిలేపారు. లాభం లేకపోయింది. లెక్క వేసి చూడండి: ఒక ఫొటో 800 గళ్లు నిలువు, 800 అడ్డం, గడికి 8 బిట్లు, మొత్తం 51 లక్షల 20 వేల బిట్లు. అనుకున్న వేగం సెకనుకు 1,34,000 బిట్లు, అంటే 38 సెకన్లకో ఫొటో. చిన్న యాంటెన్నాతో దక్కింది సెకనుకు 10 నుంచి 160 బిట్లు. వంద అనుకున్నా ఫొటోకు 14 గంటల పైమాటే. నౌకలోని కంప్యూటర్ ప్రోగ్రామును దారిలోనే మార్చి, ఫొటోలను కుదించి, టేపులో దాచి నెమ్మదిగా పంపించుకున్నారు. యూరోపా సముద్రం మనకు అందింది ఆ సన్నటి దారం గుండానే.

కసీని మోసుకెళ్లిన చిన్న నౌక హైగెన్స్ కథ ఇంకో రకం. 2005 జనవరి 14న అది పారాచూట్‌తో టైటాన్ మీద దిగుతూ రెండు చానళ్లలో సమాచారం పంపింది. కసీనిలో ఒక చానల్ రిసీవర్‌ను ఆన్ చేయమనే ఆదేశం పంపాల్సిన జాబితాలోనే లేదు. సుమారు 350 ఫొటోలు గాలిలో కలిశాయి. గాలుల వేగం కొలత కూడా పోవాల్సిందే కానీ, భూమి మీది పెద్ద రేడియో టెలిస్కోపులు ఆ సన్నటి సంకేతాన్ని నేరుగా పట్టుకోవడంతో దక్కింది.

ఇక మీ పేజీలో వేసిన ఫొటో గురించి. గురుగ్రహపు సుడులు నీలం, నారింజ రంగుల్లో మెరిసిపోతున్న ఆ బొమ్మలో రంగులు బాగా పెంచినవి. కన్నుతో చూస్తే గ్రహం వెలిసిన గోధుమ, మీగడ రంగుల్లో ఉంటుంది. రంగు పెంచడం తప్పు కాదు, మేఘాల తేడా తెలియడానికి అది అవసరమే. బొమ్మ కింద ‘రంగులు పెంచినవి’ అని రెండు మాటలు వేస్తే చాలు. అలాగే ఏ పరికరం కొలిచింది, ఎంత దూరం నుంచి, అది నేరుగా చూసినదా లెక్కగట్టినదా అన్నది ఒక్క వాక్యంలో ఇవ్వండి. క్లిప్పర్ 2030లో, ఐరోపా అంతరిక్ష సంస్థ వారి జూస్ నౌక 2031 జులైలో చేరాక ఇలాంటి వార్తలు వారానికొకటి వస్తాయి.

చివరగా అచ్చుతప్పు ఒకటి. అయో పేరు ఇంగ్లిషులో రెండే అక్షరాలు. మొదటిది నిలువు గీతలా ఉండటంతో మీ అనువాదకులు దాన్ని ‘ల’ అనుకున్నట్టున్నారు. రెండుచోట్ల ‘లో’ అని పడింది. ‘గురుగ్రహం లోపై అగ్నిపర్వతాలు’ అన్న శీర్షిక చదివి మా విద్యార్థులు ముగ్గురు, అగ్నిపర్వతాలు గురుగ్రహం లోపల ఉంటాయా, పైన ఉంటాయా అని అడిగారు. సవరణ వేయగలరు.

ఇట్లు,
కొందరు భౌతికశాస్త్ర అధ్యాపకులు,
బ్రాడీపేట, గుంటూరు