శనివారం బాస్టై నడక

అందరికీ నమస్కారం. డ్రెస్డెన్ దగ్గర ఎల్బె నది పైనున్న ఇసుకరాతి కొండలు, బాస్టైకి శనివారం ట్రిప్ ఖాయం. ఉదయం 8 గంటలకల్లా డ్రెస్డెన్ మెయిన్ స్టేషన్‌కి వచ్చేయండి, ఎస్1 లోకల్ రైల్లో రాటెన్ ఊరి దాకా వెళ్దాం. అక్కడ ఎల్బె నది పడవలో దాటాలి. ఆ పడవకి ఇంజిన్ లేదు, తాడుకి కట్టి ఉంటుంది, ప్రవాహమే అవతలి ఒడ్డుకి తోస్తుంది. పిల్లలకి తప్పకుండా చూపించండి. టికెట్‌కి చిల్లర దగ్గర పెట్టుకోండి.

ఎక్కడం ష్వేడెన్‌లోషర్ అనే ఇరుకు లోయ వైపు నుంచి. దాదాపు 700 మెట్లు, అయినా నాకు ఈ దారే ఇష్టం. రెండు పక్కలా నాచు పట్టిన ఇసుకరాతి గోడలు, మధ్యలో ఒక్క మనిషి పట్టేంత సందు, ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది. 1639లో స్వీడన్ సైనికులకి భయపడి ఊళ్లవాళ్లు దాక్కున్నది ఇక్కడే. పైన 1851లో కట్టిన రాతి వంతెన, కింద దాదాపు 190 మీటర్ల లోతున నది.

తడిసిన ఇసుకరాయి పెళుసు, గోరు తగిలినా రేణువులు రాలతాయి. వాన పడితే ఎవరూ బండలెక్కొద్దు, రెయిలింగ్ దాటొద్దు. 2022లో ఈ కొండల్లో అడవి తగలబడింది, కాబట్టి సిగరెట్లు, స్టవ్‌లు వద్దు.

పులిహోర నేను తెస్తాను. పెరుగన్నం ఎవరు తెస్తారో శుక్రవారంలోపు చెప్పండి.