డెమో చూసి కొనకండి, వాడి చూసి కొనండి

సాంకేతిక పరికరాల కొనుగోలు అధికారి గారికి,

నమస్కారం. వర్ధమాన దేశాలకు పంపే పరికరాలను ఏసీ గదిలో డెమో చూసి ఖాయం చేయవద్దని వేడుకుంటున్నాను. పెరూ బడుల్లో లక్షల ల్యాప్‌టాప్‌లు పంచారు. 2012లో వెలువడిన అధ్యయనం చూస్తే, లెక్కల్లో గానీ భాషలో గానీ పిల్లలు ముందుకు వెళ్లిన జాడ లేదు. ఆఫ్రికా దక్షిణ దేశాల్లో రంగులరాట్నం తిప్పితే నీళ్లొచ్చే ప్లేపంపులు పెట్టారు. పిల్లలు ఆడి వెళ్లిపోయాక ఆ చక్రాన్ని నడుం వంచి తిప్పింది ఆడవాళ్లే. చెడిపోతే విడిభాగాలకు నెలల తరబడి ఎదురుచూపులు. అక్కడ ఉన్న చేతిపంపును తీసేసి మరీ వీటిని బిగించిన చోట్లు ఉన్నాయంటే బాధేస్తుంది.

టీకాల ఫ్రిజ్‌ల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి నాకు నచ్చింది. బాగా వేడి ప్రాంతాలకు పంపేవైతే 43 డిగ్రీల వేడిలో కూడా లోపల 2 నుంచి 8 డిగ్రీలు నిలుస్తుందా, కరెంటు పోతే ఆ చల్లదనం ఎన్ని గంటలు నిలుస్తుంది అని పరీక్షించాకే ఆమోదించిన పరికరాల జాబితాలో చేరుస్తారు. మన కొనుగోళ్లకూ అలాంటి పరీక్ష పెట్టించండి. దుమ్ములో, కరెంటు కోతల్లో, తడి చేతులతో, రోజూ వాడబోయే నర్సు చేతికే ఇచ్చి ఒక ఏడాది చూడండి. ఫ్యూజు పోతే ఆమె ఎవరికి ఫోన్ చేయాలో టెండరులోనే రాయించండి.

ఇట్లు,
ఒక పౌరుడు