వృథా కడుగుడు గొట్టంలోనే ఉంది
పాడి క్షేత్రాల్లో నీటి పొదుపు అనగానే అందరూ పశువుల తాగునీటి లెక్కలు తీస్తున్నారు, అసలు వృథా కొట్టం కడిగే గొట్టంలో ఉంది. పాలిచ్చే ఆవుకు నీళ్లు చాలకపోతే మేత తగ్గిస్తుంది, ఆ వెంటే పాలూ తగ్గుతాయి. అక్కడ కోత పెట్టడం తప్పు. 10 లీటర్ల బకెట్‌ను 15 సెకన్లలో నింపే గొట్టం నిమిషానికి 40 లీటర్లు పోస్తుంది. ఎండి గట్టిపడిన పేడను ఆ ధారతో నెట్టుకుంటూ అరగంట గడిపితే 1,200 లీటర్లు కాలువపాలు! పాలు పితికే ముందే నేలను కాస్త తడిపి, పేడ పచ్చిగా ఉండగానే రబ్బరు పలకతో గీకి ఎత్తేసి, నొక్కితేనే నీరు వదిలే నాజిల్‌తో కడిగితే ఇంత నీరు అక్కర్లేదు. పాలను చల్లబరిచే ప్లేట్ కూలర్‌లో లోహపు పలకలకు ఒకవైపు పాలు, మరోవైపు చల్లని నీరు పారతాయి. అందులోంచి బయటికొచ్చే నీరు పాలను తాకదు, గోరువెచ్చగా, శుభ్రంగా ఉంటుంది. దాన్ని చాలాచోట్ల నేరుగా మురుగులోకి వదిలేయడం బాధాకరం. మూతున్న ట్యాంకులో పడితే పశువులకు తాగించడానికీ, నేల కడగడానికీ పనికొస్తుంది. పితికే యంత్రాన్ని శుభ్రపరిచే నీటిని మాత్రం తగ్గించకూడదు, గొట్టాల్లో పాలజిడ్డు మిగిలితే సూక్ష్మజీవులు పెరుగుతాయి. పాల సేకరణ సంఘాలు ఈ నాజిళ్లను, ట్యాంకులను రైతులకు రాయితీపై ఇచ్చి, కడిగే లైనుకు విడిగా మీటరు పెట్టించాలి.